‘సాసి గిరాసి’కి తెలుగేది?

ప్రశ్న: సిక్కుల నాలుగో గురువు గురు రాందాస్ సలోకులో, అంటే పద్యంలో (సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్, అంగ్ అంటే పుట 305–306) ‘జో సాసి గిరాసి ధిఆఏ మేరా హరి హరి’ అని ఉంది. ‘శ్వాసలోను, గ్రాసంలోను నా హరిని ధ్యానించేవాడు’ అని రాస్తే గ్రాసం దగ్గర పశుగ్రాసమే మెదులుతోంది. ‘అనుక్షణం’ అనేస్తే సరిపోతుందా?

జవాబు: ‘అనుక్షణం’ వద్దండీ. భావం దగ్గరగానే ఉంటుంది గానీ నోట్లో ముద్ద మాయమైపోతుంది. ఆ పాదానికి ప్రాణమే ఆ ముద్ద. సంస్కృతంలో గ్రాసం అంటే కబళం. మన ‘గ్రాసవాసాలు’లో ఆ తిండి అనే అర్థం ఇంకా మిగిలే ఉంది. ‘గ్ర’ మధ్యలో ఇకారం దూరి ‘గిరాస్’ అయింది. స్మరణ ‘సిమరన్’ అయిందీ ఇలాగే.

ఇక చివరి ఇకారం సంగతి. ఆ గ్రంథం లిపి అయిన గురుముఖిలో దాన్ని సిహారీ అంటారు. పాఠం చదివేటప్పుడు వినిపించేది ‘సాస్ గిరాస్’ అనే. ఆ ఇకారాన్ని పలకరు. రాతలో మాత్రం అది విభక్తి, మన ‘లో’ లాంటిది. తెలుగు లిపిలోకి ఎత్తేటప్పుడు చాలామంది ఇక్కడే పొరపడతారు: పలకం కదా అని రాయడం మానేస్తే వ్యాకరణం పోతుంది, రాశాం కదా అని పలికితే ఉచ్చారణ చెడుతుంది. మూలం ‘సాసి గిరాసి’ అనే ఉంచి, ఉచ్చారణ పక్కన వేరుగా ఇవ్వండి.

తెలుగులో నేనైతే ‘ఊపిరి ఊపిరికీ, ముద్ద ముద్దకీ’ అంటాను.

మరో జవాబు: ముద్ద బాగా కుదిరింది. నా పేచీ ‘ధ్యానించు’తో. మూలంలోని ‘ధిఆఏ’కీ ధాతువు అదే, కాదనను. కానీ ఇవాళ ధ్యానం అంటే కళ్లు మూసుకుని ఒకచోట కూర్చోవడమే. ఈ సలోకులో వరస చూడండి: తెల్లవారకముందే లేవడం, స్నానం, నామం, పొద్దు పొడిచాక గురుబాణీ (గురువుల పదాలు) పాడటం, ఆపైన ‘బహదిఆ ఉఠదిఆ’, అంటే కూర్చుంటూ లేస్తూ. ఆ తర్వాతే సాసి గిరాసి. పనిలో ఉన్న మనిషి, తింటున్న మనిషి చేసేది ఇది. దీనికి ‘తలచు’ చక్కగా సరిపోతుంది.

ఆచరణలోనూ అంతే. నామాన్ని, అంటే ‘వాహెగురు’ అన్న దేవుడి పేరుని, ఊపిరితో కలిపేవాళ్లు గాలి లోపలికి పోయేటప్పుడు ‘వాహె’, బయటికి వచ్చేటప్పుడు ‘గురు’ అనుకుంటారు. జపం వేగం పెంచి ఊపిరిని దాని వెంట లాగితే కాసేపటికే తల తిరుగుతుంది. ఊపిరి తన తీరున నడవాలి, నామం దాని వెంట రావాలి. ‘ఊపిరి ఊపిరికీ’ అన్న తెలుగులో ఆ వరస సరిగ్గా పడింది.

ప్రశ్న: ‘ఊపిరి ఊపిరికీ, ముద్ద ముద్దకీ నా హరిని తలచేవాడు’. బాగుందండీ. మిగతా సగం, ‘సో గురసిఖు గురూ మని భావై’?

జవాబు: ‘ఆ గురుసిఖు గురువు మనసుకు నచ్చుతాడు.’ ‘గురుశిష్యుడు’ అనకండి. గురువూ శిష్యుడూ ఇద్దరన్న భ్రమ వస్తుంది. సిఖు అన్నా శిష్యుడనే. ‘మని’ చివరా అదే సిహారీ: ‘మనసులో’ అని. తెలుగులో నచ్చడం మనసుకే గనుక ఇక్కడ ‘లో’ విడిచి ‘కు’ పెట్టక తప్పదు.