మూడున్నరకే మెలకువ, పొద్దున్నే దిగులు: లైటు పనిచేస్తుందా?

వేగుచుక్క:
డిప్రెషన్‌లో పొద్దున మనసు రాయిలా ఉండి, సాయంత్రానికి కాస్త తేలికపడటం ఎందుకు? రాత్రి 11కు పడుకున్నా మూడున్నరకే మెలకువ వచ్చేస్తే, అప్పుడే ట్యూబులైటు వేసుకుని కూర్చోవచ్చా? డిప్రెషన్‌కు వాడే గట్టి వెలుగు పెట్టె, అదే లైట్ బాక్స్, కొనాలా?

జాముకోడి:
మూడున్నరకు లైటు వద్దండి. మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒంటి వేడి అడుగంటుతుంది. ఆరింటికి లేచేవాళ్లకు అది మూడు, నాలుగు మధ్య. అంతకుముందు కంట్లో పడిన వెలుగు మెదడులోని గడియారాన్ని వెనక్కి నెడుతుంది, అంటే నిద్రా మెలకువా ఆలస్యమవుతాయి; తర్వాత పడింది ముందుకు జరుపుతుంది, అంటే రెండూ పెందలాడే వస్తాయి. మూడున్నర సరిగ్గా ఆ గట్టు మీదుంది. పైగా ట్యూబులైటు ఇచ్చేది 100–300 లక్సు (లక్సు అంటే వెలుగు కొలత). చికిత్సకు చాలదు, నిద్ర చెడగొట్టడానికి చాలు.

ఉత్సాహం కూడా ఒంటి వేడితోపాటే తెల్లవారుజామున అడుగున ఉంటుంది, అందరికీ. ఆ వేళ నిద్రలో ఉంటాం కాబట్టి తెలియదు. డిప్రెషన్‌లో నిద్ర తెగి, సరిగ్గా అక్కడ మెలకువగా దొరికిపోతాం.

రాత్రి ఎనిమిదికే కళ్లు మూతలు పడుతుంటే మాత్రం లెక్క వేరు: గడియారమే ముందుకు జరిగిందన్నమాట. అప్పుడు వెలుగు సాయంత్రం కావాలి.

ఎండపొడ:
బాక్స్ మోతాదు 10,000 లక్సు, లేచిన గంటలోపు అరగంట. ఆ అంకె పెట్టె మీద రాసిన దూరానికే, సాధారణంగా మూర లోపు. దూరం రెట్టింపైతే వెలుగు ఇంచుమించు పావువంతుకు పడిపోతుంది. ‘పనిచేయలేదు’ అనేవాళ్లలో చాలామంది దాన్ని టేబుల్ అవతలి చివర పెట్టి ఉంటారు. నేరుగా చూడక్కర్లేదు, కళ్లు తెరిచి ఉంటే చాలు. రెండు మూడు వారాలైనా వాడి చూడాలి.

మన ఊళ్లలో అయితే డబ్బు దండగ. డిసెంబరులోనూ హైదరాబాదులో పగలు 11 గంటలు. ఏడున్నరకు డాబా మీద నీడలో నిలబడినా వేల లక్సు. ముసురు పట్టిన రోజున గంటసేపు ఉండండి. లండన్‌లో డిసెంబరు పగలు ఇంచుమించు 8 గంటలే, అక్కడి మనవాళ్లకు పెట్టె అక్కరకొస్తుంది.

తులసికోట:
ఒక్క అడ్డు. గతంలో ఎప్పుడైనా నిద్ర లేకపోయినా అలసట తెలియక, మాటలూ ఖర్చులూ అదుపు తప్పిన రోజులుంటే ముందు సైకియాట్రిస్టుకు చెప్పండి. బైపోలార్ (దిగులూ, హద్దుమీరిన హుషారూ మారిమారి వచ్చే జబ్బు) అయితే పొద్దుటి గట్టి వెలుగు ఉన్మాదం వైపు తిప్పగలదు. రెటీనా (కంటి లోపలి వెనక పొర) జబ్బుంటే కంటి డాక్టర్నీ అడగాలి. వాడే మందు ఆపొద్దు, వెలుగు దానికి తోడు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఇవేవీ కాదు, ఆ రోజే డాక్టరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

వేగుచుక్క:
మరి మూడున్నర నుంచి ఆరు దాకా?

జాముకోడి:
గోడ గడియారం వైపు చూడకండి. ఇరవై నిమిషాల్లా అనిపించినా నిద్ర పట్టకపోతే పక్క దిగి మసక బెడ్‌లైటులో కూర్చోండి, ఫోన్ వద్దు. కునుకొస్తే మళ్లీ పడుకోండి. లేవడం మాత్రం ఆరింటికే, ఆదివారమైనా. మధ్యాహ్నం కునుకు అరగంట దాటినా, రెండు తర్వాత కాఫీ తాగినా రాత్రి మళ్లీ ఇదే బాధ.