350 చదరపు అడుగుల స్టూడియో: గోడలోకి మడిచే మంచమా, కింద పెట్టె ఉన్న హైడ్రాలిక్ మంచమా?

చిన్నగది:
స్టూడియో ఫ్లాట్, కార్పెట్ ఏరియా 350 చ.అ. బాత్రూమ్, వంటగట్టు, వాషింగ్ మెషీన్ మూల, తలుపు దగ్గర నడవా పోగా మిగిలే గది 11 × 14 అడుగులు. శ్లాబు ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. పొడుగు గోడ ఒకదాని మీద బీము ఉంది, దాని కింద సరిగ్గా 8 అడుగులు. సొంత ఫ్లాటే. ఉండేది ఇద్దరు, ఒకరికి ఇంటి నుంచే ఉద్యోగం. క్వీన్ సైజు పరుపు తప్పదు. మంచం ఎటో తేలితే గానీ టేబుల్, లైట్లు, కర్టెన్లు ఏవీ తేలవు. అందుకే ముందు ఇదే అడుగుతున్నాను.

చిత్రిక:
హైడ్రాలికే. స్టూడియోలో మొదట కరువయ్యేది సామాను పెట్టుకునే చోటు. 60 × 78 అంగుళాల మంచానికి లోపలి పెట్టె 58 × 76 వస్తుంది. లోతు 11 అంగుళాలు వేసుకుంటే 28 ఘనపుటడుగులు. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, 16 అంగుళాల లోతు ఉన్న అల్మరాలో పట్టేది దాదాపు అంతే. అంటే ఒక అల్మరా తగ్గి, ఆ గోడ ఖాళీగా మిగులుతుంది.
ఒక జాగ్రత్త. పెద్ద సూట్‌కేసు పడుకోబెట్టినా 12 అంగుళాలు దాటుతుంది, 11 లోతులో పట్టదు. అది పెట్టాలంటే లోతు 13 చేయించండి, పరుపు 6 అంగుళాలకి ఆపండి. లేకపోతే మంచం కూర్చునే ఎత్తు దాటిపోయి కాళ్లు వేలాడతాయి.

మూలమట్టం:
చిత్రిక గారూ, మీరు పెట్టెను లెక్కేశారు, నేలను లెక్కేయలేదు. మంచం 32 చదరపు అడుగులే అనిపిస్తుంది. తలవైపు గోడకి ఆనించినా, మిగతా మూడు పక్కలా రెండేసి అడుగుల నడక వదలాలి. అప్పుడు 9 × 8.5, అంటే 76 చదరపు అడుగులు. గది మొత్తం 154. పగలంతా గదిలో సగం మంచానికే పోతుంది. అదే గదిలో ఒకరు ఎనిమిది గంటలు పని చేయాలి, వీడియో కాల్‌లో వెనక మంచం కనబడకూడదు.
గోడమంచం మూసినప్పుడు 64 అంగుళాల వెడల్పు, 16 నుంచి 18 అంగుళాల లోతు. ఎనిమిది చదరపు అడుగులకి మించదు. దించితే గోడ నుంచి ఏడడుగులు పైచిలుకు వస్తుంది. 11 అడుగుల వైపుకి దించినా ఇంకా మూడున్నర అడుగులు మిగులుతాయి. ఎదురు గోడకి 18 అంగుళాల మడత టేబుల్ బిగిస్తే రాత్రి కూడా దారి ఉంటుంది.

గచ్చు:
లెక్కలు రెండూ సరైనవే, కానీ ఎవరూ గోడ సంగతి ఎత్తలేదు. గోడమంచం వీడియోలు ఎక్కువగా అమెరికావి. అక్కడ గోడ లోపల 16 అంగుళాలకొక కర్ర నిట్టాడు ఉంటుంది, పొడుగు స్క్రూ దాంట్లో దిగితే చాలు. మన దగ్గర గోడ మూడు రకాల్లో ఏదైనా కావచ్చు. మంచం వెనక కనబడని చోట 6 మి.మీ. బిట్‌తో ఒక రంధ్రం వేసి పొడి చూడండి. ఎర్రగా వస్తే ఇటుక. బూడిదరంగులో, బిట్ కదలకుండా మొండికేస్తే మైవాన్, అంటే అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడ. తెల్లగా పిండిలా వచ్చి బిట్ వెన్నలోకి దిగినట్టు దిగితే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలున్న తేలిక సిమెంటు ఇటుక.
ఏఏసీ అయితే మామూలు ప్లాస్టిక్ గిట్ట, ఇనుప ఫాస్టెనర్ రెండూ పనికిరావు. ఫాస్టెనర్ బిగించేటప్పుడు విచ్చుకుని బ్లాకునే పొడి చేస్తుంది. ఆ రోజు గట్టిగానే ఉంటుంది, మంచం రోజూ ఎత్తి దించుతుంటే కొన్నాళ్లకి వదులవుతుంది. మైవాన్ అయితే పట్టు బాగుంటుంది కానీ కరెంటు పైపులు కాంక్రీటులోనే ఉంటాయి. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా ఎక్కడా డ్రిల్ పెట్టకండి.

చిత్రిక:
నేను చెప్పేదీ అదే. అంత ప్రమాదం తలకెత్తుకోవడం దేనికి?

మూలమట్టం:
ప్రమాదం ఎక్కడుందో తెలిస్తే దాన్ని తప్పించొచ్చు. మంచం బరువు మోసేది నేల. గోడ ఆపాల్సింది ముందుకి తూలడాన్ని మాత్రమే. సగం దించినప్పుడు, ముందు కాళ్లు ఇంకా నేలకి ఆననప్పుడు, మంచాన్ని పట్టుకున్న గోడపెట్టె మొత్తం ముందుకి ఒరగాలని చూస్తుంది. ఆ లాగుడు పైభాగంలో ఎక్కువ. చిన్నగది గారి కొలతల్లోనే దారి ఉంది: బీము. మంచం పెట్టె ఎత్తు 86 అంగుళాలు, బీము అడుగు 96 దగ్గర. మధ్యలో ఉన్నది పది అంగుళాలు. 40 × 40 మి.మీ. ఇనుప చదరపు పైపులు రెండు, పెట్టె రెండు పక్కలా నేల నుంచి బీము దాకా నిలబెట్టండి. కింద, పైన ప్లేట్లు వెల్డ్ చేయించి ఒక్కో ప్లేటుకి రెండేసి 10 మి.మీ. ఫాస్టెనర్లు వేయండి, పెట్టెను ఆ పైపులకి బిగించండి. గోడ ఏఏసీ అయినా ఇబ్బంది ఉండదు, పట్టు అంతా కాంక్రీటులోనే. డ్రిల్‌కి కాంక్రీటు లోపలి ఇనుప కడ్డీ తగిలితే ఆగిపోయి అంగుళం పక్కకి జరపండి. కడ్డీని కోయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.
పెట్టె లోపల పైన ఒక అంగుళం ఖాళీ వదలండి. మంచం తిరిగేటప్పుడు పరుపు వెనక అంచు మొదట ముప్పావు అంగుళం దాకా పైకి లేచి, తర్వాతే కిందికొస్తుంది. ఇది మరిచిపోతే అంచు పై పలకకి రాసుకుని మంచం దిగదు.

తూర్పుకిటికీ:
గ్యాస్ పంపు, అంటే మంచాన్ని పైకి లేపడానికి సాయపడే గ్యాస్ గొట్టం గురించి రెండు మాటలు, ఇది రెండు మంచాలకీ వర్తిస్తుంది. పంపు మీద 800, 1000, 1200 న్యూటన్లని రాసి ఉంటుంది. దుకాణంలో 80, 100, 120 కిలోలంటారు. ముందు పరుపు కొని తూకం తెలుసుకుని, తర్వాత పంపు తీసుకోండి. పరుపు లేకుండా హైడ్రాలిక్ మంచం మూయబోతే పంపు పైకి తన్నేస్తుంది. అది లోపం కాదు, బరువు చాలక. కొబ్బరి పీచు పరుపు తీసేసి తేలిక ఫోమ్ వేసినా ఇదే జరుగుతుంది. మూసి ఉన్నప్పుడు పంపు కడ్డీ వైపు కిందికి ఉండాలి. లోపలి నూనె సీలు మీద నిలిచి దాన్ని ఎండిపోనివ్వదు. తిరగేసి బిగిస్తే గ్యాస్ తొందరగా కారిపోతుంది.
గోడమంచానికి దూది పరుపు అసలొద్దు. నిలబెడితే దూదంతా కిందికి జారి గడ్డకడుతుంది. ఎనిమిది అంగుళాల లోపు ఫోమ్ వేసుకోండి. దిండ్లు పెట్టెలో పట్టవు, వాటికి పక్కన వేరే అర చూసుకోవాలి. పొద్దున్న లేవగానే మడిచేయకండి. ఒక గంట ఆరనిస్తే చెమట తేమ లోపల చిక్కుకోదు.

చిత్రిక:
ఆ గంట ఆరబెట్టడం, దిండ్లు తీయడం, ముందున్న కుర్చీ జరపడం... ఇవన్నీ రోజూ చేస్తారా అన్నదే నా అనుమానం. పది రోజులు మడవకుండా వదిలేశారంటే పైన చెప్పిన లెక్కంతా పోయినట్టే. పెట్టెమంచం మిమ్మల్ని రోజూ ఏ పనీ అడగదు.

గచ్చు:
అడగదు కానీ వానాకాలంలో బూజు పట్టిస్తుంది. నేలకి ఆని ఉన్న పెట్టె తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ కింది అంచు నుంచి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. 18 మి.మీ. బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే రకం) ప్లై తీసుకోండి, పలక మీద ఐఎస్ 303 ముద్ర చూడండి. పార్టికల్ బోర్డు వద్దు. రెండంగుళాల పీవీసీ కాళ్లు వేయించండి. కనబడని కింది అంచుకి కూడా ఎడ్జ్ బ్యాండ్ (అంచు మీద అతికించే పట్టీ) అడిగి మరీ వేయించాలి, వడ్రంగులు ఎక్కువగా వదిలేసేది అక్కడే. తలవైపు, కాళ్లవైపు మూడేసి ఒక అంగుళం రంధ్రాలు పెట్టి జాలీ మూత వేస్తే లోపల బట్టలకి ముక్కిన వాసన రాదు.

చిన్నగది:
రంధ్రం వేసి చూశాం. పొడి తెల్లగా పిండిలా వచ్చింది, ఏఏసీయే. బీమున్న గోడ దక్షిణం వైపుది. ఇంట్లో పెద్దవాళ్లు దక్షిణానికి తల పెట్టాలంటారు, ఆ రకంగా కుదిరింది. కానీ వంటగట్టు దానికెదురుగా పదకొండు అడుగుల దూరంలోనే ఉంది.

మూలమట్టం:
అయితే గోడమంచానికి ఇంకో బలం. పోపు పెట్టేటప్పుడు పరుపు మూసి ఉంటుంది, నూనె ఆవిరి దుప్పటికి పట్టదు. చిమ్నీ మాత్రం గొట్టంతో బయటికి వదిలేదే తీసుకోండి. గాలిని వడగట్టి మళ్లీ గదిలోకే వదిలేదైతే వాసన పరుపుకీ కర్టెన్లకీ చేరుతుంది.

చిత్రిక:
సరే, బీము ఉంది కాబట్టి ఈ గదికి ఒప్పుకుంటాను. బీము లేని ఏఏసీ గోడకైతే నా మాట మారదు. మరి సూట్‌కేసులు, దుప్పట్లు ఎక్కడ పెడతారు?

మూలమట్టం:
పెట్టె పైన బీము దాకా మిగిలిన పది అంగుళాల్లో దుప్పట్లు పడతాయి. సూట్‌కేసులకి వంటగట్టు వైపు శ్లాబు కింద రెండడుగుల లోతు అటక వేయించాలి. మంచం పెట్టెకి రెండు పక్కలా 18 అంగుళాల అల్మరాలు కలిపితే గోడ మొత్తం 100 అంగుళాలు వాడినట్టు. పెట్టె 86 అంగుళాల ఎత్తు అని మరిచిపోకండి. మీ లిఫ్టు తలుపు సాధారణంగా 80 అంగుళాలే ఉంటుంది. విడి పలకలుగా తెచ్చి ఫ్లాట్‌లోనే బిగించమని ఆర్డరు కాగితం మీద రాయించుకోండి.