నెలకు 15,000 పెట్టి లింకులు కొనాలా, మన పేజీలు మనమే రాసుకోవాలా?

బరంపురం పట్టు:
మాది బరంపురంలో చేనేత పట్టు చీరల దుకాణం. సొంత ఆన్‌లైన్ షాపు పెట్టి ఏడాది దాటింది. ఇన్‌స్టాగ్రామ్ నుంచి ఆర్డర్లు వస్తున్నాయి గానీ గూగుల్‌లో వెతికేవాళ్ళకు మేం కనబడటం లేదు. ఏ మాట కొట్టినా ముందు పెద్ద షాపింగ్ సైట్లే వస్తున్నాయి. ఒక ఏజెన్సీ వాళ్ళు నెలకు 15,000 అడుగుతున్నారు. నెలనెలా వేరే సైట్లలో మా సైటుకు 200 లింకులు పెట్టిస్తారట, ఆరు నెలల్లో మొదటి పేజీ గ్యారంటీ అంటున్నారు. మా అన్నయ్య ఇచ్చేద్దామంటున్నాడు, నాకు మనసొప్పడం లేదు. పెళ్ళిళ్ళ సీజను దగ్గరపడుతోందని టెన్షన్ కూడా ఉంది. సైటు చిరునామా నా ప్రొఫైల్‌లో ఉంది. చూసి చెప్పండి.

పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు:
ఇచ్చేయమనే నేనంటాను. మా కొమ్ము దువ్వెనలు, కొంగ బొమ్మలు అమ్మే సైటుకు నేనూ లింకులు కొన్నాను. గూగుల్ శిక్షిస్తుందని అందరూ భయపెట్టారు, ఏమీ కాలేదు. మనకన్నా పైన ఉన్నవాళ్ళలో చాలామంది కొంటున్నవాళ్ళే. వాళ్ళు కొంటూ ఉంటే మనం పేజీలు దిద్దుకుంటూ కూర్చుంటే ఎప్పటికి పైకొస్తాం? ఫలితం కనబడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వాళ్ళే 2017లో ఒక వీడియోలో చెప్పారు. అందాకా దుకాణం అద్దె ఎవరు కడతారు? పెద్ద కంపెనీలకు చెల్లే నీతులు చిన్నవాళ్ళకు చెప్పకండి.

గుణుపూర్ వెబ్ పని:
అన్నా, శిక్ష పడలేదన్న మీ మాట నమ్ముతాను. 2012లో దొంగ లింకులను పట్టుకోవడానికి గూగుల్ తెచ్చిన పెంగ్విన్ అనే మార్పు వచ్చినప్పుడు లింకులు కొన్న సైట్లు నిజంగానే కిందపడ్డాయి. 2016లో గూగుల్ ఆ పద్ధతి మార్చింది. ఇప్పుడు దొంగ లింకని తేలితే చాలావరకు సైటును తొక్కకుండా, ఆ లింకునే లెక్కలోంచి తీసేస్తుంది. అందుకే మీకు చెడు జరగలేదు. మంచి జరిగిందా? మరీ హద్దు దాటితే వాళ్ళ మనుషులే చూసి చర్య తీసుకోవడమూ ఉంది, ఆ నోటీసు సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే ఉచిత పరికరంలో కనబడుతుంది. మొదటి స్థానం గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసింది. ఆ ఏజెన్సీని వద్దనడానికి నాకైతే ఆ ఒక్క మాట చాలు.

బరంపురం గారూ, మీ సైటు తెరిచి చూశాను. చీర పేజీలో 'ప్యూర్ సిల్క్, రెడ్, బెస్ట్ క్వాలిటీ' అని ఉంది, అంతే. పాలిస్టర్ చీర అమ్మేవాడూ అవే ముక్కలు రాస్తాడు. వాడికన్నా మిమ్మల్ని పైన పెట్టడానికి గూగుల్‌కు మీరు ఒక్క కారణమూ ఇవ్వలేదు. అదే వివరణ పెద్ద షాపింగ్ సైటులో కూడా మీరే అతికించారు. ఒకే పాఠం రెండుచోట్ల ఉంటే సాధారణంగా పెద్ద సైటే పైకొస్తుంది, మీ మాటలతోనే మీరు ఓడిపోతున్నారు.

మీకు రోజూ ఫోన్‌లో ఏమడుగుతారో గుర్తు చేసుకోండి. చీర బరువెంత, జరీ ఎలాంటిది, బ్లౌజు ముక్క విడిగా ఇస్తారా, పెళ్ళికొడుక్కి జోడా (పట్టు పంచె, ఉత్తరీయం) కూడా ఉందా, ఇంట్లో ఉతకొచ్చా అని అడుగుతారు. వీటికి జవాబులు ప్రతి పేజీలోనూ రాయండి. ఫోడా కుంభ అంచును (గుడి గోపురాల్లా కనబడే అంచు) దగ్గర నుంచి ఫోటో తీయండి, చీర వెనకవైపు తిప్పి ఇంకోటి తీయండి. మరమగ్గం నకలుకూ చేనేతకూ తేడా కొనేవాళ్ళు అక్కడే పట్టుకుంటారు. బరంపురం పట్టు చీరకు, జోడాకు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చట్టం ఇచ్చే గుర్తు) ఉంది కదా, ఆ సంగతి మీ సైటులో ఎక్కడా లేదు. ఇంతకన్నా పెద్ద ఆస్తి ఏముంటుంది?

ఊరి పేరు దగ్గర ఇంకో చిక్కుంది. బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం బహరంపూర్, అక్కడా పట్టుకు పేరుంది. ఇంగ్లీషులో రెండూళ్ళ పేర్లూ ఇంచుమించు ఒకటే. మన ఊరినే కొందరు బ్రహ్మపూర్ అని వెతుకుతారు. కాబట్టి శీర్షికలో ఒడిశా అనీ, వివరణలో గంజాం జిల్లా అనీ, బ్రహ్మపూర్ అనీ సహజంగా వచ్చేలా రాయండి. ఊరి పేర్లన్నీ కింద వరసగా కుక్కొద్దు, అది స్పామే. కీవర్డ్స్ మెటా ట్యాగు (పేజీ కోడులో కనబడకుండా వెతికే మాటలు రాసే చోటు) జోలికీ పోవద్దు, దాన్ని ర్యాంకుకు లెక్కపెట్టమని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

ఫోటోల బరువు తగ్గించండి. పేజీలో ముఖ్యమైన బొమ్మ ఫోన్‌లో 2.5 సెకన్లలో కనబడాలన్నది గూగుల్ కొలత, మీది నా ఫోన్‌లో అంతకు చాలా ఎక్కువే తీసుకుంది. దుకాణాల సరుకును గూగుల్‌లో చూపించే మర్చంట్ సెంటర్‌లో ఉచిత లిస్టింగులూ పెట్టుకోండి.

ఒట్టి 'పట్టు చీర' అన్న మాటకు మీరు పైకి రారు, ఆ ఆశ వదిలేయండి. 'బరంపురం పట్టు జోడా' లాంటి మాటకు రావచ్చు. అలా వెతికేవాళ్ళు తక్కువే, కానీ కొనడానికే వస్తారు.

ఛత్రపురం అప్పడాలు:
నా అనుభవం వేరు. మా అప్పడాలు, వడియాలు, పచ్చళ్ళు గూగుల్ చూసి కొనేవాళ్ళు తక్కువ. సూరత్ వెళ్ళిన మన గంజాం వాళ్ళు, విశాఖలో ఉన్న చుట్టాలు వాట్సాప్‌లో ఆర్డరిస్తారు, ఒకరు ఇంకొకరికి చెబుతారు. పదిహేను వేలుంటే నేను మంచి ప్యాకింగ్‌కు పెడతాను. అప్పడం విరక్కుండా చేరితే వాళ్ళే మళ్ళీ అడుగుతారు. చిన్న దుకాణం ఈ ర్యాంకుల గొడవలో పడటం అవసరమా అని నా ప్రశ్న.

గుణుపూర్ వెబ్ పని:
అక్కా, అప్పడాలకు మీ దారే మేలు. నెలనెలా కొనే సరుకది. పెళ్ళి పట్టు అలా కాదు, కొనేవాళ్ళు ప్రతిసారీ కొత్తవాళ్ళే. మిమ్మల్ని తెలియనివాళ్ళు వెతుక్కుంటూ రావాలి కాబట్టి వాళ్ళకు సెర్చ్ కావాలి. అయినా మీరూ తెలుగులో ఒక పేజీ పెట్టి చూడండి. 'బరంపురం అప్పడాలు' అని తెలుగులో రాసిన పేజీలు చాలా తక్కువ, పోటీయే లేదు.

పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు:
పేజీలు బాగుచేసుకోమన్నది కాదనను. కానీ లింకులు లేకుండా కొత్త సైటును గూగుల్ పట్టించుకోదన్నది కూడా నిజం. దానికేమంటారు?

గుణుపూర్ వెబ్ పని:
లింకులు కావాలి అన్నా, కొన్నవి వద్దంటున్నాను. బరంపురం గారు నేతగాళ్ళ సొసైటీ దగ్గర సరుకు తీసుకుంటారు, సొసైటీకి సైటుంటే అమ్మకందారుల్లో పేరు పెట్టమనొచ్చు. వాళ్ళ చీర కట్టుకున్న పెళ్ళి ఫోటోలు తీసిన ఫోటోగ్రాఫరు తన సైటులో ఒక మాట రాయొచ్చు. మగ్గం మీద నేత మొదటి నుంచి చివరిదాకా చూపిస్తూ ఒక పేజీ చేస్తే, చీరల గురించి రాసేవాళ్ళు అడక్కుండానే దాన్ని చూపిస్తారు. ఇలాంటివి పది వచ్చినా ఆ 200 కన్నా నయం.

బరంపురం పట్టు:
ఇవన్నీ అన్నయ్యకు చదివి వినిపించాను. ఆ డబ్బుతో ముందు ఫోటోలు మళ్ళీ తీయిద్దామన్నాడు. ఇంకొక్క సందేహం. మా దగ్గర ఒక్కో చీర ఒక్కటే ఉంటుంది. అమ్ముడుపోగానే పేజీ తీసేస్తున్నాం. సరేనా?

గుణుపూర్ వెబ్ పని:
అక్కడే ఎక్కువ నష్టపోతున్నారండీ. పేజీకి కాస్త గుర్తింపు వచ్చేసరికి మీరే చెరిపేస్తున్నారు. చీరకో పేజీ కాకుండా రకానికో పేజీ పెట్టండి. ఫోడా కుంభ పట్టు చీరలకు ఒకటి, పెళ్ళి జోడాలకు ఒకటి. పేజీ అలాగే ఉంటుంది, కింద చీరలు వస్తూ పోతూ ఉంటాయి. మళ్ళీ నేయించగలిగిన రంగైతే 'స్టాకు లేదు, ఆర్డరిస్తే నేయిస్తాం' అని ఉంచండి. ఇప్పటికే తీసేసిన పాత చిరునామాలను ఆ రకం పేజీకి 301 రీడైరెక్ట్ చేయండి, అంటే పాత చిరునామా తెరిచినవాళ్ళు శాశ్వతంగా కొత్తదానికే వెళ్ళేలా పెట్టండి. అన్నింటినీ హోం పేజీకి మాత్రం మళ్ళించొద్దు, గూగుల్ వాటిని లేని పేజీలుగానే లెక్కగడుతుంది. దగ్గరి రకం లేని చీర అయితే 404 (పేజీ లేదన్న సందేశం) ఉన్నా ఫరవాలేదు.