కంపెనీ లాయరు మీటింగుకు పిలిచారు, ఏం మాట్లాడాలి?

అనంతపురం నుంచి కొత్తగా వచ్చిన సభ్యురాలు:

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. హెచ్‌వన్‌బీ మీద న్యూజెర్సీకి వచ్చి నాలుగు నెలలైంది. నిన్న సాయంత్రం మా టీములో ఆరుగురికి లీగల్ నుంచి మెయిల్ వచ్చింది. ఒక వెండర్ పేరు రాసి, ఆ పనికి సంబంధించిన మెయిళ్లు, ఫైళ్లు, చాట్లు ఏవీ డిలీట్ చేయొద్దన్నారు. గురువారం జనరల్ కౌన్సెల్‌తో, అంటే కంపెనీ ముఖ్య లాయరుతో, నాకు అరగంట మీటింగ్ పెట్టారు. ఆ వెండర్ బిల్లులు చూసేది నేనే. మా మేనేజరేమో "లీగల్ వాళ్లతో ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది" అన్నాడు. రాత్రంతా నిద్ర లేదు, ఒకటే టెన్షన్. నేనేదో తప్పు చేశానని అనుకుంటున్నారా? వీసాకు ఏమైనా అవుతుందా? అసలు జీతమిచ్చి లాయర్ని ఆఫీసులోనే ఎందుకు పెట్టుకుంటారు? మన దగ్గర లాయరు అవసరం వచ్చేది కేసు పడినప్పుడే కదా. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఎర్రగుంట్ల అక్క:

చెల్లెమ్మా, పద్నాలుగేళ్లుగా ఈ దేశంలో నేను కంపెనీల్లో జీతానికి పనిచేసే లాయర్ని. నీకొచ్చినలాంటి మెయిళ్లు పంపేది మేమే కాబట్టి నమ్మకంగా చెబుతున్నాను, నీ మీద ఎవరూ నేరం మోపలేదు. దాన్ని లిటిగేషన్ హోల్డ్ అంటారు. కేసు పడినా, పడేట్టున్నా, ఆ పని తాలూకు కాగితం ఎవరెవరి దగ్గర ఉండవచ్చో వాళ్లందరికీ పంపుతారు. బిల్లులు చూసేదానివి, నీ పేరు లేకపోతేనే వింత.

అయితే అందులో చెప్పింది మాత్రం తు.చ. తప్పకుండా పాటించు. నీ సొంత ఫోన్లో ఆ పని గురించి వాట్సాప్ చాట్లు ఉంటే అవీ అందులోకే వస్తాయి. వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ పెట్టుకుని ఉంటే ఈ క్షణమే ఆపేయి. చదివితే ఇబ్బందిగా అనిపించే మెసేజ్ అయినా సరే, ఉంచు. ఆ మెసేజ్ తెచ్చే నష్టం కంటే దాన్ని చెరిపేస్తే వచ్చే నష్టం ఎన్నో రెట్లు ఎక్కువ. కావాలని చెరిపారని తేలితే "అందులో ఉన్నది వీళ్లకు వ్యతిరేకమే అనుకోవచ్చు" అని జ్యూరీకి జడ్జి చెప్పే వీలుంది. ఫెడరల్ దర్యాప్తును అడ్డుకోవాలని కాగితాలు నాశనం చేస్తే, 2002లో వచ్చిన సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం కింద 20 ఏళ్ల దాకా జైలు. ఎన్రాన్ అనే కంపెనీ లెక్కలు ఆడిట్ చేసిన ఆర్థర్ ఆండర్సన్ సంస్థ 2001లో కాగితాలు ముక్కలు చేయించి కేసులో ఇరుక్కుంది. ఆ శిక్షను 2005లో ఇక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది, కానీ అప్పటికే సంస్థ దాదాపు మూతపడింది.

నువ్వు కంపెనీ పేరు, వెండర్ పేరు ఇక్కడ రాయలేదు. మంచి పని చేశావు. ఇకమీద కూడా రాయకు, ఇక్కడ రాసింది కూడా రేపు కోర్టులో కాగితమే.

గురువారం ఆ లాయరు మొదట ఇలా చెబుతారు: "నేను కంపెనీ లాయర్ని, నీ లాయర్ని కాదు. మనం మాట్లాడేది గోప్యమే, కానీ ఆ గోప్యత మీద హక్కు కంపెనీది. కావాలనుకుంటే కంపెనీ దీన్ని బయటపెట్టవచ్చు." విని భయపడకు. దీన్ని అప్‌జాన్ హెచ్చరిక అంటారు. అప్‌జాన్ ఒక మందుల కంపెనీ. విదేశంలో దాని శాఖ ఒకటి అక్కడి ప్రభుత్వ అధికారులకు డబ్బు ముట్టజెప్పిందని 1976లో ఆడిటర్ల కంటపడింది. కంపెనీ జనరల్ కౌన్సెల్ విదేశాల్లోని మేనేజర్లకు ప్రశ్నలు రాసి పంపాడు, మనుషుల్ని కూర్చోబెట్టి అడిగాడు. ఆ జవాబులు తమకివ్వాలని ఇక్కడి పన్నుల శాఖ పట్టుబట్టింది. పై అధికారులు లాయరుతో చెప్పిందే గోప్యం, కిందివాళ్లు చెప్పింది కాదని అప్పీలు కోర్టు అంది. 1981లో సుప్రీంకోర్టు దానికి ఒప్పుకోలేదు. లాయరుకు కావలసిన సమాచారం చాలాసార్లు ఉండేది కింది ఉద్యోగుల దగ్గరే, వాళ్లు నోరు విప్పలేకపోతే కంపెనీకి సరైన సలహా ఎలా ఇస్తారని అడిగింది. నిన్నగాక మొన్న చేరిన నీతో జనరల్ కౌన్సెల్ అరగంట కూర్చుంటున్నారంటే, దాని వెనక ఆ తీర్పు ఉంది.

చూసింది చూసినట్టు చెప్పు. గుర్తులేకపోతే గుర్తులేదను, ఊహించి పూరించకు. బయటికొచ్చాక "నువ్వేం చెప్పావు, నేనేం చెప్పాను" అని టీమువాళ్లతో పోల్చుకోవద్దు. నీ చేతుల మీదుగా నిజంగా తప్పు జరిగిందని మనసులో ఉంటే మాత్రం, మీటింగుకు ముందే నీ డబ్బుతో బయట ఒక ఎంప్లాయ్‌మెంట్ లాయరును కలువు. అక్కడ నీ మాటకు నీదే హక్కు.

మీటింగుకు వెళ్లినంత మాత్రాన వీసాకు ఏమీ కాదు. ఒకవేళ ఉద్యోగమే పోతే, మామూలుగా 60 రోజుల వరకు గడువుంటుంది, ఐ-94, అంటే ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం, ముందే ముగిసిపోతే అంతవరకే. కంపెనీ పెట్టిన ఇమిగ్రేషన్ లాయరును అడిగేటట్టయితే, ఆయన ఎవరి తరఫున పనిచేస్తున్నారో ముందు కనుక్కో.

జీతమిచ్చి లాయర్ని లోపల ఎందుకు పెట్టుకుంటారని అడిగావు. మాకు ఎర్రగుంట్లలో నాపబండలు పాలిష్ చేసే చిన్న ఫ్యాక్టరీ ఉండేది, రెండు మిషన్లు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బెంగళూరు బిల్డరొకడు మూడు లారీల సరుకు దించుకుని డబ్బు ఎగ్గొట్టాడు. నాన్న ప్రొద్దుటూరులో వకీలు దగ్గరికి పోయాడు. ఆయన ఆర్డరు కాగితం తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం చూపించాడు. తగాదా వస్తే బెంగళూరు కోర్టుల్లోనే తేల్చుకోవాలట. కింద నాన్న సంతకం. "ఇది సంతకం పెట్టకముందు తెచ్చుంటే అయిదు నిమిషాల పనప్పా" అన్నాడు వకీలు. ఆ అయిదు నిమిషాలకు బదులు మాకు ఆరేళ్లు పట్టింది. వాయిదా పడినప్పుడల్లా నాన్న ప్రొద్దుటూరులో రాత్రి బస్సెక్కేవాడు. బెంగళూరులో ఇంకో వకీలుకు ఫీజు. మధ్యలో ఒక మిషన్ అమ్ముకున్నాం. కేసు గెలిచాడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారే, దాన్ని మా ఇంట్లో నేను కళ్లారా చూశాను.

ఇన్‌హౌస్ లాయరంటే ఆ కాగితాన్ని సంతకానికి ముందు తిప్పి చూసే మనిషి. అందుకే వాళ్ల విలువ లెక్క కట్టడం కష్టం. పడని కేసుకు బిల్లుండదు. బయటి లాయరుకు చట్టం మాకంటే లోతుగా తెలిసి ఉండవచ్చు. కానీ ఏ మేనేజరు చెడువార్తను దాచిపెడతాడో, ఏ ఫ్యాక్టరీలో పని ఎలా జరుగుతుందో, బోర్డులో ఎవరు ఏ ప్రశ్న అడుగుతారో లోపల ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఒకప్పుడు ఇక్కడా లోపలి లాయరంటే చిన్నచూపే. 1987లో జనరల్ ఎలక్ట్రిక్‌కు జనరల్ కౌన్సెల్‌గా వచ్చిన బెన్ హైన్‌మన్ పేరున్న లా ఫర్ముల నుంచి సీనియర్లను లోపలికి తెచ్చాడు. తర్వాత చాలా కంపెనీలు అదే దారి పట్టాయి.

మీ మేనేజరు చెప్పిన మాట నాకు నచ్చలేదు. జనరల్ మోటార్స్ సంగతి చూడు. ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల బండి నడుస్తుండగానే ఇంజన్ ఆగి, ప్రమాదంలో ఎయిర్ బ్యాగు తెరుచుకోని కార్లు. 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. 124 మరణాలకు పరిహారం ఇచ్చారు. ఆ కంపెనీలో లాయర్లకు కొదవ లేదు. ప్రమాదాల కేసులు ఒక్కొక్కటిగా వాళ్ల ముందుకొచ్చాయి, ఒక్కొక్కటిగా రాజీ చేశారు. ఇన్ని కార్లలో ఇదేమిటన్న ప్రశ్న ఏళ్ల తరబడి జనరల్ కౌన్సెల్ బల్ల మీదికి చేరలేదని కంపెనీ వేయించిన విచారణలోనే తేలింది. తక్కువ మాట్లాడటం మంచిదనుకునే చోట జరిగేది ఇదే. లిస్టెడ్ కంపెనీలో పెద్ద ఉల్లంఘనకు ఆధారం కనబడితే లాయరు దాన్ని జనరల్ కౌన్సెల్‌కో సీఈఓకో చెప్పాలనీ, వాళ్లు సరిగ్గా స్పందించకపోతే బోర్డులోని ఆడిట్ కమిటీ దాకా వెళ్లాలనీ ఇక్కడ 2003 నుంచి నిబంధన ఉంది. కానీ కిందినుంచి ఆ లాయరు చెవిన ఎవరో ఒకరు వేయాలి కదా.

కర్నూలు అన్న, ఇప్పుడు డాలస్:

అక్క రాసింది బాగుంది. కానీ మా ఆఫీసు సంగతి కూడా చెప్పాలి. ఏ ఒప్పందం పంపినా మూడు వారాలు. చివరికి వచ్చేది "రిస్క్ ఉంది" అని ఒక్క లైను. సేల్స్ వాళ్లు లీగల్‌ను దాటుకుని పోవడానికి కారణం లీగలే. కొత్తగా వచ్చిన పిల్లకు ఇదీ తెలియాలి.

ఎర్రగుంట్ల అక్క:

అన్నా, కాదనను. "వద్దు" అనడం మా పనిలో అన్నిటికంటే సులువు, జరగని వ్యాపారం గురించి మమ్మల్ని ఎవరూ నిలదీయరు. మంచి జనరల్ కౌన్సెల్ "ఇలా కుదరదు, ఇలా అయితే చేయొచ్చు, పోతే ఇంత పోతుంది" అని చెప్పి, నిర్ణయం వ్యాపారం చేసేవాళ్లకు వదులుతారు. చట్టం దాటే చోట మాత్రం వదలరు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలియడమే మా ఉద్యోగం.

ఒకసారి నేనే తప్పాను. ఎనిమిదేళ్ల కిందట, క్వార్టర్ చివరి రోజు సాయంత్రం ఆరింటికి ఒక సాఫ్ట్‌వేర్ ఒప్పందం వచ్చింది. ఎప్పుడూ అడ్డుపడుతుందన్న పేరు పడకూడదని గబగబా సరే అనేశాను. 90 రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే ఇంకో రెండేళ్లు దానంతటదే పొడిగించే క్లాజు అందులో ఉంది. వాడని సాఫ్ట్‌వేర్‌కు కంపెనీ రెండేళ్లు డబ్బు కట్టింది. కాగితం తిప్పి చూపించిన ప్రొద్దుటూరు వకీలు ఎన్ని రోజులు గుర్తొచ్చాడో.

చెల్లెమ్మా, రేపు నువ్వు లీగల్‌కు ఒప్పందం పంపాల్సి వస్తే ఉత్త పీడీఎఫ్ పంపకు. ఏం కొంటున్నాం, ఎంత డబ్బు, ఎప్పటికి కావాలి, మనకు దేని గురించి అనుమానం అని నాలుగు ముక్కలు రాసి పంపు. అన్న చెప్పిన మూడు వారాలు చాలావరకు ఆ నాలుగు ముక్కలు రాబట్టడానికే పోతాయి.

అనంతపురం సభ్యురాలు:

అక్కా, మీటింగ్ అయింది. మీరు చెప్పిన మాటలే దాదాపు అలాగే చదివారు. "మీరు నాకు కూడా లాయరా?" అని అడిగాను, "కాదు, కంపెనీకి మాత్రమే" అన్నారు. అలా సూటిగా చెప్పడంతో నాకే తేలికైంది. తెలిసింది చెప్పాను, రెండు చోట్ల గుర్తులేదన్నాను. ఒక్క సందేహం మిగిలింది. ఆ వెండర్ మెయిళ్లు కొన్ని మా బెంగళూరు ఆఫీసులోని లీగల్ మనిషికి కాపీ పెట్టేదాన్ని. లాయరుకు కాపీ పెడితే అవి గోప్యమే కదా?

ఎర్రగుంట్ల అక్క:

కాదు చెల్లెమ్మా, కాపీ పెట్టినంత మాత్రాన ఇక్కడా గోప్యం కాదు. న్యాయ సలహా కోసం రాసిందై ఉండాలి. మన దేశంలో ఇంకో చిక్కుంది. బార్ కౌన్సిల్ 49వ రూలు ప్రకారం పూర్తికాలం జీతానికి చేరినవాళ్లు వకీలుగా ప్రాక్టీసు చేయకూడదు. అందుకే కొత్త సాక్ష్య చట్టం 132వ సెక్షన్‌లో వకీళ్లకున్న రక్షణ కంపెనీ లోపలి లాయర్లకు వర్తించదని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 134వ సెక్షన్ కింద కొంత రక్షణ ఉంటుందంది, అంతే. యూరప్‌లో కూడా, పోటీ చట్టం దర్యాప్తుల్లో లోపలి లాయరుతో రాసుకున్నది గోప్యం కాదని అక్జో నోబెల్ అనే కంపెనీ కేసులో 2010లో తేలింది.

కాబట్టి ఆ మెయిళ్ల సంగతి నువ్వే ముందుగా మీ జనరల్ కౌన్సెల్‌కు చెప్పు. ఏ తేదీన, ఎవరికి, ఏ విషయం మీద పంపావో ఒక జాబితా రాసుకో. మెయిల్లో పెట్టకముందు ఫోన్ చేసి, ఈ జాబితా ఎలా ఇవ్వమంటారని ఆమెనే అడుగు. బెంగళూరు వాళ్లకు నువ్వుగా ఏమీ రాయకు.