చెరువు కట్ట మీద చేప పేగులు, తలకాయలు: పాతిపెట్టాలా, నీటిలో వదలాలా, ఇంటికి తీసుకుపోవాలా?

ఆదివారం గాలం:
మేము నలుగురం నెలకు రెండు ఆదివారాలు హైదరాబాదు నుంచి సిద్దిపేట వైపు ఒక గ్రామ చెరువుకు గాలాలతో వెళ్తాము. సాయంత్రం అక్కడే చేపలను కోసి శుభ్రం చేసుకొని, ముక్కలను మంచుపెట్టెలో సర్దుకొని వస్తాము. పేగులు, పొలుసులు, మొప్పలు, తలకాయలు తుమ్మచెట్ల కింద జానెడు గొయ్యి తీసి పూడుస్తున్నాము. నీటిలోనిది నీటికే వదలడం మేలని మాలో ఇద్దరి వాదన. పోయిన వారం కట్ట మీద ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి, ఈ చెత్త ఇక్కడ వదలవద్దని మందలించాడు. ఏది సరైన పద్ధతో తెలిసినవారు చెప్పగలరు.

పాతగాలం:
నేను నలభై ఏళ్లు గోదావరిలో గాలం వేశాను. కోసిన చోటే నీటిలో విదిలిస్తే ఒక్క నిమిషంలో జెల్లలు వచ్చి మాయం చేసేవి. నీటిలోని ప్రాణి నీటికే ఆహారమవుతుంది కాబట్టి గొయ్యి తీయవలసిన పనే లేదు.

కట్టమీది మనిషి:
గోదావరి సంగతి వేరు, కుంటలూ చెరువుల సంగతి వేరు. నేను ఒక మత్స్య సహకార సంఘంలో సభ్యుణ్ణి. మా చెరువులో పెరిగేవి ముఖ్యంగా బొచ్చె, రోహు, మ్రిగాల. బొచ్చె పైనీటిలోని సూక్ష్మజీవులను తింటుంది, రోహు నడినీటిలో మేస్తుంది, మ్రిగాల అడుగు బురదలో కుళ్లిన ఆకూ అలమూ తింటుంది. ఈ మూడింటిలో ఏదీ మీరు విసిరిన పేగుల కోసం పరుగెత్తుకొని రాదు. అవి ఒడ్డున తేలి కుళ్లుతాయి, కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తాయి. ఎండాకాలంలో నీరు తగ్గి వేడెక్కినప్పుడు ఆ వాయువు అసలే తక్కువగా ఉంటుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం చూసినవారికి దీని గురించి వేరే చెప్పనక్కరలేదు.

పాతగాలం:
అలుగు దూకుతున్నప్పుడు చెరువు నీరు కూడా పారినట్టే కదా?

కట్టమీది మనిషి:
అలుగు ఏడాదిలో ఎన్ని రోజులు దూకుతుందో, అసలు ఎన్ని ఏళ్లకు ఒకసారి దూకుతుందో మా ఊరికి వచ్చి చూడండి.

వేపచెట్టు:
గొయ్యి జానెడు చాలదు. కుక్కలు ఆ రాత్రికే తవ్వేస్తాయి. మోకాలి లోతు తీసి, పైన బరువైన రాయి పెట్టాలి.

నిబంధనలు చదివేవాడు:
లోతు గురించి వాదించే ముందు ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలను చదవండి. వ్యర్థాలను వీధులలోగానీ, తన ఆవరణకు బయట ఉన్న బహిరంగ స్థలాలలోగానీ, కాలువలలో, జలాశయాలలోగానీ ఎవరూ పారవేయరాదు, కాల్చరాదు, పాతిపెట్టరాదు అని వాటిలో ఉంది. చెరువు కట్ట మీ ఆవరణ కాదు కాబట్టి జానెడైనా మోకాలి లోతైనా తప్పు తప్పే.

వేపచెట్టు:
అయితే మోకాలి లోతు చాలదంటారా?

ఊరికుక్క:
మా వీధికుక్క ఒకటి అలాంటి తలకాయను కొరికి, దవడలో గాలం కొక్కెం గుచ్చుకొని మూడు రోజులు తిండి తినలేదు. చివరికి పశువైద్యుడు తీశాడు. దీనికి లోతుతో నిమిత్తం లేదు.

శిఖం రైతు:
చెరువు పక్కనే నాకు నిమ్మతోట ఉంది. చేప వ్యర్థాలను చెత్త అనేవారిని చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. నేను వాటికి సమాన బరువు బెల్లం కలిపి, ప్లాస్టిక్ డ్రమ్ములో మూతపెట్టి నెల రోజులు నీడలో ఉంచుతాను. మొదట్లో మూత వదులుగా ఉండాలి, లేకపోతే లోపలి గాలికి డ్రమ్ము ఉబ్బిపోతుంది. బాగా ఊరాక కుళ్లు వాసన పోయి, పులిసిన పండు వాసన వస్తుంది. వడకట్టి లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల చొప్పున ఆకుల మీద చల్లుతాను. ఒక డ్రమ్ము నిండాలంటే నలుగురు గాలగాళ్ల ఆదివారాలు సరిపోవు, అది వేరే విషయం.

ఆదివారం గాలం:
బెల్లం సలహాకు ధన్యవాదాలు, కానీ మేము మూడో అంతస్తులో ఉంటాము. ఒకసారి ఆ సంచిని ఇంటికి తెచ్చినందుకు ఇంటి యజమాని మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఒక మాట అడుగుతాను, సంఘంవారు కోపం తెచ్చుకోవద్దు. మృగశిర కార్తె నాడు మీరు వలలు లాగి కట్ట మీదే వందల కిలోలు అమ్ముతారు. ఆ పొలుసులూ మొప్పలూ ఎక్కడికి పోతాయి? నాలుగు గాలాల వల్లే చెరువు పాడవుతోందా?

కట్టమీది మనిషి:
ఆ రోజు ఊరివాళ్లు చాలామంది చేపను నిలువునా కొని, ఇంటి దగ్గర కోసుకుంటారు. తలకాయను ఎవరూ పారవేయరు. బొచ్చె తలకాయ కోసం మా ఇళ్లలో పిల్లలు కొట్లాడుకుంటారు. మీరు మాత్రం తలకాయలను చెత్తలో లెక్కవేస్తున్నారు. అయినా ఇంతసేపూ పేగుల గురించి మాట్లాడుతున్నాం గనుక అసలు మాట చెప్పనివ్వండి. ఇలాంటి చెరువుల్లో చేపపిల్లను వదిలేది, కాపలా కాసేది, నీరు తగ్గితే రాత్రిళ్లు నిద్రపోనిది మేము. కట్ట మీద మిమ్మల్ని ఆపిన పెద్దాయన బహుశా మా వంటి సంఘంలోని మనిషే అయి ఉంటాడు. మీరు అతన్ని అనుమతి అడిగారా?

పాతగాలం:
గాలం వేయడానికి ఎవరి అనుమతీ అవసరం లేని రోజులు నేను చూశాను. చెరువు ఊరందరిదీ.

కట్టమీది మనిషి:
ఊరందరిదే, కానీ ఆ ఊరిలో మీరు లేరు.

ఆదివారం గాలం:
అడగలేదు. నిజం చెప్పాలంటే, అడగాలన్న ఆలోచనే రాలేదు. ఒడ్డున గాలాలతో కూర్చున్న పిల్లలను చూసి మాకూ అభ్యంతరం ఉండదనుకున్నాము. అయితే అంత కోపం చెత్త మీద కాదని మొదటే చెప్పి ఉంటే ఆ రోజు పెద్దాయనతో మాట పెరిగేది కాదు.

కట్టమీది మనిషి:
చెత్త మీదా కోపమే. మీ వంటివారు వదిలిన మూటను మరునాడు పొద్దున ఎత్తేది కూడా మేమే.

శిఖం రైతు:
వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు గట్టి మూత ఉన్న డబ్బా ఒకటి తెచ్చుకోండి. సంఘంవారు ఒప్పుకుంటే ఆ పేగులు నా తోటకు పట్టుకురండి, బెల్లం నేనే కొంటాను. కొక్కేలు మాత్రం మీరే ఏరి తీయాలి.

వేపచెట్టు:
గొయ్యి లోతు గురించి నా ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.