వీధి తలుపుకు కాగితపు పూలచక్రం: డిసెంబరు మంచుకు నిలిచేలా ఎలా చేయాలి?

ప్రశ్న (పాలకొల్లు నుంచి)

అందరికీ నమస్కారం. మా ఇల్లు కాలువగట్టు పక్కన, తూర్పు ముఖంగా ఉంటుంది. క్రిస్మస్ కోసం ఎదురుచూసే అడ్వెంటు కాలపు మొదటి ఆదివారం మొదలుకొని జనవరి 6న వచ్చే ఎపిఫనీ, అంటే జ్ఞానుల రాకను తలచుకునే పండుగ, దాకా వీధి తలుపు మీద ఉండేలా, ఆకులతో నిండిన పూలచక్రాన్ని కాగితంతో నేనే చేయాలనుకుంటున్నాను. నిరుడు బజారులో కొన్న క్రేపు కాగితపు చక్రం కొద్ది రోజుల మంచుకే వడలిపోయింది. అందులోని ఎరుపు రంగు తెల్లటి తలుపు మీదికి చారలుగా దిగింది. ఏ కాగితం, ఏ జిగురు వాడితే ఈ తేమకు తట్టుకుంటుంది? పైగా మావి రెండు రెక్కల తలుపులు కాబట్టి చక్రాన్ని నడుమ కట్టడం కుదరదు. మరొక సంగతి కూడా ఉంది. గుండ్రటి పూలచక్రం సమాధి మీద ఉంచేదని, పండుగపూట గుమ్మానికి తగదని మా అత్తయ్యగారు అంటున్నారు. ఆవిడకు కూడా నచ్చే రూపం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు (అమలాపురం, చేతిపనుల ఉపాధ్యాయుడు)

అమ్మా, ముందు కాగితం సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. క్రేపు కాగితం పలుచన, దాని అద్దకం నీటికి కరిగిపోతుంది. ఇంటి లోపల అలంకారానికే అది పనికి వస్తుంది. మీరు దళసరి రంగు చార్టు తీసుకోండి. కొనే ముందు తడి వేలితో ఒక మూల రుద్ది చూడండి. వేలికి రంగు అంటితే ఆ కాగితం వద్దు.

కాగితంలోని నారలు ఎక్కువ భాగం ఒకే దిశలో పడుకొని ఉంటాయి. తేమ తగిలినప్పుడు ఆ నారలు పొడవున అంతగా పెరగవు, అడ్డంగా ఉబ్బుతాయి. ఆకులు వంకర తిరగడానికి కారణం ఇదే. చార్టును మడత పడకుండా రెండు వైపులా వంచి చూస్తే ఒక వైపు సులువుగా వంగుతుంది. అలా సులువుగా వంగినప్పుడు ఏ దిశలో మడత గీత వస్తుందో, నారలు ఆ దిశలోనే ఉన్నాయన్నమాట. ఆకు పొడవు ఆ దిశలోనే ఉండేలా కత్తిరించి, మధ్య ఈనె దగ్గర నిలువుగా మడిచి తెరవండి. ఆ మడతే ఆకుకు వెన్నెముకలా నిలుస్తుంది, కొన వాలిపోదు.

కొలతలు కూడా చెబుతాను. బయటి వ్యాసం 14 అంగుళాలు, లోపలి ఖాళీ 8 అంగుళాలు అనుకుంటే, బయటి అంచు చుట్టుకొలత సుమారు 44 అంగుళాలు, మధ్య వరుస 35, లోపలి అంచు 25 ఉంటాయి. అంగుళానికి ఒక ఆకు చొప్పున మూడు వరుసలకు నూటికి పైగా ఆకులు పడతాయి. నాలుగు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు ఉన్న ఆకులైతే, 22 × 28 అంగుళాల చార్టు ఒక్కదానిలో 70కి తగ్గకుండా వస్తాయి కనుక రెండు చార్టులు చాలు.

మీ అత్తయ్యగారి మాటను తేలికగా తీసుకోవద్దు, ఆవిడ చూసిన వాడుకనే చెబుతున్నారు. అయితే చక్రానికి మరొక చరిత్ర కూడా ఉందని ఆవిడకు చెప్పండి. 1839లో జర్మనీలోని హాంబర్గులో, పేద పిల్లల ఆశ్రమం నడిపిన యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే లూథరన్ పాదిరి, క్రిస్మస్ ఎప్పుడు వస్తుందని అడిగే పిల్లలు రోజులు లెక్కపెట్టుకోవడానికి ఒక పాత బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలిపి, రోజుకొకటి వెలిగించేవాడు. అడ్వెంటు చక్రం ఆ ఆశ్రమం నుంచే వ్యాపించింది. అది లోపల బల్ల మీద ఉంచేది. తలుపుకు కట్టే కాగితపు చక్రం మీద మాత్రం కొవ్వొత్తి గానీ, దానికి దగ్గరలో దీపం గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ ఉంచకండి.

జవాబు (నరసాపురం నుంచి)

వందనాలండీ. మా ఇంట్లో తరతరాలుగా లేసు అల్లుతున్నాం కాబట్టి నాకు జిగురు కంటే దారం మీదే నమ్మకం ఎక్కువ. మైదా జిగురు బొద్దింకలను పిలుస్తుంది. దానిలో మైలుతుత్తం కలిపితే పురుగు చేరదు గానీ అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు ఆరాక గట్టిగా ఉన్నా, తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. అందుచేత ఆకు తొడిమ దగ్గర అర అంగుళం ముక్క వదిలి, మూడు ఆకులను ఒక గుత్తిగా పట్టుకొని, లేసు నూలు దారంతో చక్రానికి చుట్టండి. ఒక గుత్తి తొడిమలను తర్వాతి గుత్తి కప్పుతూ పోవాలి. దారం ఎక్కడా తెంపకుండా చుట్టూ ఒకే వరుసగా నడిపితే, ఒక గుత్తి పాడైనా మిగతావి వదులు కావు.

సమాధి చక్రంలా కనిపించకూడదంటే తెల్ల పూలు అసలు పెట్టకండి. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ ఆకులు, వాటి నడుమ ఎర్రని కాయలు, కింద గంటలు ఉంచండి. మధ్య ఖాళీలో వెదురు పుల్లలతో చిన్న నక్షత్రం కట్టి గాలిపటం కాగితం అతికించండి. మన పేటల్లో ప్రతి ఇంటి ముందూ వేలాడే నక్షత్రమే కదా, దానిని చూసిన వారెవరూ సమాధిని తలచుకోరు. వీలైతే ఆ నక్షత్రం కట్టే పని అత్తయ్యగారికే అప్పగించండి. నక్షత్రాలు కట్టడంలో ఆ తరం వారి నేర్పు మనకు లేదు.

కాయల కోసం గురివింద గింజలు చాలామంది వాడుతున్నారు. అవి విషపు గింజలు, పిల్లలు కొరికితే ప్రమాదం. పాత క్యాలెండరు కాగితాన్ని పొడవాటి త్రికోణాలుగా కోసి, వెడల్పు వైపు నుంచి పుల్లకు చుట్టి, కొన అతికిస్తే చక్కని పూసలు వస్తాయి. వాటికి ఎర్ర ఎనామిల్ రంగు వేస్తే నీటికి చెదరవు.

జవాబు (రాజోలు దగ్గర రైతు)

చక్రానికి అట్టపెట్టె ముక్కలు వాడకండి. అవి మంచుకు ఉబ్బి వంగిపోతాయి. నల్లటి బైండింగ్ తీగ ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టి ఆకుల మీద మరకలు చేస్తుంది. మన దగ్గర ఈ రోజుల్లో కోతలే కదండీ. చేత్తో కోసిన చేలో పొడుగాటి వరిగడ్డి అడిగి తెచ్చుకోండి, కోతమిషను గడ్డి నలిగి ముక్కలైపోయి ఉంటుంది. దానిని ఎండలో బాగా ఆరబెట్టి, బొటనవేలి లావున వెంటి పేని, రెండు మూడు చుట్లు గుండ్రంగా తిప్పి, కొబ్బరి పీచు తాడుతో గట్టిగా కట్టండి. లోపల ఒక వెదురు బద్ద వంచి పెడితే ఆకారం చెదరదు. గడ్డిలో పచ్చి మిగిలితే మాత్రం బూజు పడుతుంది.

రెండు రెక్కల తలుపులకు రెండు మార్గాలున్నాయి. ద్వారబంధం పైకమ్మికి తోరణం మేకులు ఎలాగూ ఉంటాయి కనుక, తల తగలని ఎత్తున వాటికి వేలాడదీయవచ్చు. లేదంటే రెండు అర్ధచక్రాలు చేసి రెక్కకు ఒకటి చొప్పున బిగించండి. తలుపు మూసినప్పుడు పూర్తి చక్రం కనిపిస్తుంది. నాకైతే రెండోదే బాగుంటుందనిపిస్తుంది, కానీ అందులో నక్షత్రానికి చోటుండదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నక్షత్రం మాట వినగానే అత్తయ్యగారు ఒప్పుకున్నారు. అందువల్ల పైకమ్మికే కడతాను. ఆకులకు కొవ్వొత్తి మైనం పూస్తే నీరు పట్టదని విన్నాను, నిజమేనా?

జవాబు (అమలాపురం, చేతిపనుల ఉపాధ్యాయుడు)

నిజమేనమ్మా, కానీ మైనం పట్టిన చోట జిగురు అంటదు. మీరు దారంతో కడుతున్నారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మైనం గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టకుండా, వేడినీళ్ల గిన్నెలో ఉంచి కరిగించండి. ఆకును తొడిమ వైపు పట్టుకొని ముంచి, వెంటనే తీసి విదిలించి, పాత పేపరు మీద ఆరనివ్వండి. రంగు ఒక పాలు ముదురుగా మారుతుంది కాబట్టి కాస్త లేత రంగు చార్టు ఎంచుకోండి. మైనం పూసిన కాగితానికి నిప్పు సులువుగా అంటుకుంటుంది. సీరియల్ లైట్లు కూడా చక్రానికి చుట్టకుండా ద్వారబంధానికే పరిమితం చేయండి. వాయుగుండం హెచ్చరిక వస్తే చక్రాన్ని లోపలికి తీసేయండి. ఎపిఫనీ తర్వాత నీడలో ఒక పూట ఆరబెట్టి, మూత ఉన్న పెట్టెలో బోర్లించకుండా పరిచి, రెండు కలరా ఉండలు గుడ్డలో కట్టి వేయండి.