గుర్రం మీదే ఒళ్లు తయారవుతుందా, నేల మీద కసరత్తు కూడా కావాలా?

శనాదివారం_రౌతు

చర్చకి పెడుతున్నాను. వారానికి రెండు క్లాసులు, శని, ఆది, ఒక్కోటి 45 నిమిషాలు. ట్రాట్ (గుర్రం చిన్న పరుగు) లయకి లేచి కూర్చునే రైజింగ్ ట్రాట్ కుదిరింది, జీను మీంచి లేవకుండా కూర్చునే సిట్టింగ్ ట్రాట్‌లో ఎగిరిపడటం తగ్గలేదు, అంతకంటే వేగమైన కాంటర్ ఇప్పుడే మొదలు. ఈ దశలో ఉన్నవాళ్లకి రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. రైడింగ్ స్కూల్లో "జిమ్ముకెళ్లి బిగుసుకుపోకు, ఇంకో క్లాసు పెంచుకో" అంటారు. జిమ్ములో "స్వారీ అంటే తొడలే కదా" అని, మోకాళ్లు రెండూ దగ్గరికి నొక్కే మెషీన్ మీద కూర్చోబెడతారు. మూడో క్లాసుకి డబ్బూ టైమూ లేనివాళ్లు మిగతా ఐదు రోజులు ఏం చెయ్యాలి? అసలేమైనా చెయ్యాలా? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి. "యోగా మంచిది" లాంటి జవాబులు వద్దు.

అంకవన్నె

స్కూల్లో చెప్పిందే సరి. ట్రాట్‌లో గుర్రం నిమిషానికి సుమారు 75-80 అంగలు వేస్తుంది. అంగకి రెండు దెబ్బలు, అంటే నిమిషానికి 150 పైచిలుకు. ప్రతి దెబ్బకీ మీ కటి కాస్త వెనక్కి వాలి మళ్లీ ముందుకి రావాలి. ఈ లయని ఏ మెషీనూ నేర్పదు. జిమ్ము బాగా చేసినవాళ్లకి ఒక జబ్బుంటుంది: ట్రాట్ మొదలవగానే పొట్ట బిగించి, ఊపిరి ఆపి, ప్లాంక్ (మోచేతుల మీద ఒళ్లు బిగించి కదలకుండా ఆగే కసరత్తు) పట్టినట్టు కూర్చుంటారు. పలకలా బిగిస్తే పలకలాగే ఎగురుతారు మరి.

చెయ్యాల్సింది క్లాసులోనే ఉంది. రికాబులు జీను ముందుకి అడ్డంగా వేసి 5 నిమిషాలు నడక. తర్వాత అరీనా పొడుగు వైపు మాత్రమే సిట్టింగ్ ట్రాట్, మూల రాగానే నడక. ఇలా ఆరుసార్లు. కాలు పట్టేస్తోందని తెలిసిన క్షణమే నడకకి దిగాలి, పంతానికి పోకూడదు. ఆపైన గుర్రం మెడ పట్టీ పట్టుకుని టూ పాయింట్‌లో (పిర్రలు జీను నుంచి లేపి, రికాబుల మీద ముందుకి వంగి నిలబడటం) నిమిషం చొప్పున మూడుసార్లు. ఇది మూడు నెలలు మానకుండా చేసినవాళ్లకి నేల మీద పొర్లే పని ఉండదు.

కొండమెట్లు

అంకవన్నె గారూ, లయ గురించి మీరన్నది కాదనను. కానీ 45 నిమిషాల క్లాసులో ఎక్కడం, జీను పటకా బిగించుకోవడం, వేడెక్కే నడక, టీచర్ చెప్పేది వినడం, వంతు కోసం ఆగడం తీసేస్తే ట్రాట్, కాంటర్ కలిపి 15-20 నిమిషాలు మిగిలితే గొప్ప. ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిని 1 అనుకుంటే, ఈ రంగంలో అందరూ వాడే పట్టిక ప్రకారం గుర్రం నడకలో రౌతుకి 3.8, ట్రాట్‌లో 5.8, కాంటర్ లేదా దౌడులో 7.3. నెమ్మదిగా తాడాట (స్కిప్పింగ్) ఆడినా 8 దాటుతుంది. వారానికి అరగంట ట్రాట్‌తో గుండెకీ ఊపిరికీ ఏం పెరుగుతుంది?

అసలు బాధ ఇంకోటి. మీరు చెప్పిన రికాబులు లేని ట్రాట్‌లో, అలసిన రౌతు రెండో నిమిషం నుంచి జీను మీద దబదబా పడుతుంటాడు. ఆ దెబ్బలు తినేది గుర్రం వెన్ను. పగ్గాలకి వేలాడితే నోరు కూడా. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదని లెక్క చెబుతారు కదా, దానికి సరిపోయిన బరువు కూడా అదుపు లేకుండా పడితే బరువే. అలసటని ముందు నేల మీద ఖర్చు పెట్టుకుని రావడం గుర్రానికి మర్యాద. హైదరాబాద్ నేషనల్ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ ట్రైనీలకి స్వారీతో పాటు పీటీ కూడా ఉంటుంది. గుర్రం ఉంది కదా అని పీటీ ఎత్తెయ్యలేదు.

ఎముకల_లెక్క

ఫిజియో కోణం నుంచి, ముందు ఆ మెషీన్ సంగతి.

మోకాళ్లతో జీనుని నొక్కితే మోకాలు ఇరుసు అయిపోతుంది. పిర్రలు జీను నుంచి లేస్తాయి, పిక్క వెనక్కి జారుతుంది, మడమ పైకొస్తుంది, ఛాతీ ముందుకి ఒరుగుతుంది. తడి సబ్బుని పిడికిట్లో నొక్కితే పైకి జారిపోయినట్టే. ఆ మెషీన్ మీద నేర్చుకునేది సరిగ్గా ఇదే: కూర్చుని, పూర్తి బలంతో నొక్కి, ఒక్కసారిగా వదలడం. స్వారీకి కావలసింది తక్కువ బలం, ఎక్కువసేపు, ఊపిరి ఆగకుండా. అన్నిటికన్నా ముఖ్యంగా, అనుకున్న క్షణాన వదిలెయ్యగలగడం.

అలాగని తొడ లోపలి కండరాన్ని గాలికొదిలేయమని కాదు. అది బలహీనంగా ఉంటే గుర్రం బెదిరి పక్కకి గెంతినప్పుడు గజ్జల్లో పట్టేస్తుంది. మెషీన్ బదులు ఇది చెయ్యండి. 30-40 సెంటీమీటర్ల ఎత్తు గట్టి స్టూలు పక్కన ఒక పక్కకి పడుకోండి. పై కాలి మోకాలి లోపలి వైపు స్టూలు మీద ఆన్చండి. మోచేతి మీద నడుం ఎత్తండి, కింది కాలు గాల్లో ఉంచండి. 10 సెకన్లు, మూడుసార్లు, రెండు వైపులా, వారానికి రెండు రోజులు. చాలామంది చేసే తప్పు మోకాలికి బదులు చీలమండని ఆన్చడం. అప్పుడు మీట పొడవు పెరిగి గజ్జ మీద భారం చాలా ఎక్కువవుతుంది, కొత్తవాళ్లు అక్కడే దెబ్బ తింటారు. సూదితో పొడిచినట్టనిపిస్తే ఆపెయ్యాలి.

సిట్టింగ్ ట్రాట్‌కి నా ఓటు ప్లాంక్‌కి కాదు. వెల్లకిలా పడుకుని చేతులు పైకి, మోకాళ్లు తొంభై డిగ్రీలు. ఎడమ కాలు, కుడి చెయ్యి నెమ్మదిగా చాపండి, చాపేటప్పుడు ఊపిరి వదలండి, మళ్లీ వెనక్కి తెచ్చి రెండోవైపు. వైపుకి ఆరు, రెండు సెట్లు. నడుం కిందకి నాలుగు వేళ్లు పెట్టి చూసుకోండి: కాలు చాపినప్పుడు అక్కడ సందు పెరిగితే కాలు మరీ కిందికి వెళ్లింది, తగ్గించండి. తుంటి కదులుతుండగా నడుం నిలకడగా ఉండటం అలవాటవుతుంది. ప్లాంక్‌లో ఏదీ కదలదు, అంకవన్నె గారు చెప్పిన పలక అక్కడే తయారవుతుంది.

మలక్‌పేట_ట్రాక్

గోడకుర్చీ గురించి ఎవ్వరు మాట్లాడలే. బళ్లె సార్లు ఏసిన శిక్షనే ఇప్పుడు జిమ్ములల్ల టూ పాయింట్ ప్రాక్టీస్ అని అమ్ముతున్నరు. గోడకుర్చీల వీపుకు గోడ ఆసర ఉంటది. గుర్రం మీద గోడ ఏడుంటది? తొడ ముందు భాగం మండుతది గంతే. తుంటి, మడమ పనే చెయ్యవు.

పందెం జాకీల సంగతి తీసుకోన్రి. 1890ల దాంక కాళ్లు చాపి నిటారుగ కూసునేటోళ్లు. టాడ్ స్లోన్ అనే అమెరికా జాకీ 1897ల ఇంగ్లండ్ పోయి పొట్టి రికాబుల మీద వంగి నడిపిండు. మొదలు నవ్విన్రు, ఎన్క అందరు గదే పట్టిన్రు. ఆ రోజులల్లనే పందెం టైములు 5 నుంచి 7 శాతం తగ్గినయ్. ఎందుకంటే గుర్రం ఎగిరినప్పుడల్ల జాకీ కాళ్లు స్ప్రింగు లెక్క ముడుసుకొని తెరుసుకుంటయ్, పైన ఒళ్లు దాదాపు ఒక్కతీరుగ పోతది. గుర్రం ఆయన బరువును అంగ అంగకు ఎత్తి దించే పని తప్పుతది. ఆ స్ప్రింగు పని జాకీ కాళ్లది. పందెంల జాకీ గుండె ఊరికెనే గంత ఉరకదు.

మీలాంటోళ్లకు పొట్టి రికాబులు అక్కర్లే, స్ప్రింగు మాత్రం కావాలె. మెట్టు అంచు మీద పాదం ముందు భాగం పెట్టి నిలవడుర్రి, పక్కకు రెయిలింగ్ అందేటట్టు. మడమ మెట్టు కంటె ఒక వేలెడు కిందికి. పిర్రలు ఎన్కకు, ఛాతీ ముందుకు, చేతులు గుర్రం మెడ ఉండే జాగల, దేన్నీ పట్టుకోకుండ. 40 సెకన్లు, 20 సెకన్లు ఆరాం, నాలుగు సార్లు. రెండు వారాలయినంక నిమిషం చేసి, చిన్నగ పైకి కిందికి ఊగుర్రి. కాలి వేళ్లు బూటుల ముడుసుకుంటున్నయా, మోకాళ్లు లోపలికి పోతున్నయా, సూసుకోవాలె. రెయిలింగ్ పట్టుకోబుద్ధి అయితుందంటె, గుర్రం మీద ఉంటె ఆ చెయ్యి పగ్గాల మీదనె పడుతుండె.

అంకవన్నె

ట్రాక్ తమ్ముడు చెప్పిన మెట్టు కసరత్తుకి ఒప్పుకుంటాను. అందులో గుర్రం మీది పొందికే ఉంది. నా గొడవ వేరే వాటితో: పెద్ద బంతి మీద మోకాళ్లతో నిలబడటం, కళ్లు మూసుకుని ఒంటికాలి మీద ఊగడం లాంటి సర్కస్. బంతి మీద నిలబడటం వస్తే బంతి మీద నిలబడటమే వస్తుంది.

బంతి వాడాలంటే కూర్చోవడానికి వాడండి. ఎత్తు 165-185 సెంటీమీటర్లు ఉన్నవాళ్లకి 65 సెంటీమీటర్ల బంతి, పాదాలు నేలకి ఆని, తుంటి మోకాళ్ల కంటే కొంచెం పైన ఉండాలి. రెండు నిమిషాలు కటిని ముందుకీ వెనక్కీ మాత్రమే వంచండి, భుజాలు కదలకూడదు. తర్వాత ఫోన్లో మెట్రోనోమ్ 150కి పెట్టి, ఆ టిక్‌కి చిన్నగా ఊగండి, పిర్రలు బంతిని వదలకూడదు. ఒక నిమిషం, మూడుసార్లు. మాట్లాడుతూ చెయ్యగలిగితే ఊపిరి ఆగలేదని అర్థం. అయినా సరే, ఇది గుర్రం కాదు. బంతి ఎడమకి కుడికి విడివిడిగా లేపదు, గుర్రం వెన్ను లేపుతుంది.

@కొండమెట్లు: పీటీ పోలిక సగమే నిజం. అక్కడ పీటీ పోలీసు ఉద్యోగానికి, స్వారీకి కాదు.

కుర్చీ_ఉద్యోగం

ఎవరూ ముట్టుకోని సంగతి: రోజుకి 9 గంటలు కుర్చీలో, ఆపైన కారులో. తుంటి ముందు కండరం పొట్టిగా బిగుసుకుంటుంది. జీను మీద కటి ముందుకి వంగి నడుం విల్లులా తిరుగుతుంది, అప్పుడు దెబ్బని మింగడానికి కటికి దారే ఉండదు. ఒక మోకాలు దిండు మీద, రెండో పాదం ముందు. ముందుకి తోసెయ్యడం కాదు, మొదట వెనక కాలి వైపు పిర్రని బిగించి తోకని లోపలికి ముడిచినట్టు చెయ్యాలి. లాగడం తుంటి ముందు తెలియాలి, నడుంలో కాదు. 30 సెకన్లు, వైపుకి రెండుసార్లు, సాయంత్రాలు. స్వారీకి ముందు మాత్రం నిమిషం దాటి లాగి పట్టడాలు వద్దు, కండరం బలం కాసేపు తగ్గుతుంది. అప్పుడు కాళ్లు ముందుకీ వెనక్కీ పదేసి ఊపులు చాలు.

మనవాళ్లకి ఒక భ్రమ ఉంది: "నేల మీద బాసింపట్టు వేసుకుని పెరిగినవాళ్లం, తుంటి తెరుచుకునే ఉంటుంది." తెరుచుకుంటుంది, కానీ బయటికి తిరిగి. జీను మీద తొడ చాచుకోవాలి, కొంచెం లోపలికి తిరగాలి, అప్పుడే మోకాలు చదునుగా ఆనుతుంది. బాసింపట్టు, బద్ధకోణాసనం రెండూ బయటి వైపే. కాలి వేళ్లు బాతులా పక్కకి తిరిగి, మడమ గుర్రం పొట్టని గీరుతుంటే కారణం తరచుగా అదే. బోర్లా పడుకుని మోకాళ్లు వంచి, పాదాలు రెండూ బయటికి వాల్చండి. తొడ లోపలికి తిరిగేది అప్పుడే. వైపుకి పది, నెమ్మదిగా.

సైస్_డ్యూటీ

జీను మీద ఒక పక్కకి ఒరుగుడు సంగతి మర్చిపోయారు. ఎప్పుడూ ఎడమ నుంచే ఎక్కుతాం కాబట్టి ఎడమ రికాబు తోలు సాగుతుంది. ఒక కాలు పొడుగేమో అని డాక్టర్ దగ్గరికి పరిగెత్తే ముందు తోళ్లు రెండూ పక్కపక్కన వేలాడదీసి చూడండి. నెలకోసారి అటుదిటు మార్చండి, దిమ్మె మీంచి ఎక్కండి.

తోళ్లు సమానమైనా ఒరుగుతుంటే బకెట్ పని. 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్‌లో సగం నీళ్లు, 10 కిలోలు. ఒక్క చేత్తో పట్టుకుని 20 మీటర్లు, చెయ్యి మార్చి వెనక్కి, మూడు రౌండ్లు. డంబెల్ కాకుండా నీళ్లే ఎందుకంటే తప్పు కనపడుతుంది. నీళ్లు అంచుకి ఎగిసి చిమ్ముతుంటే తుంటి ఊగుతోంది. బకెట్ కాలికి రాసుకుంటుంటే నడుం ఆ పక్కకి వంగింది. భుజం చెవి దగ్గరికొస్తే బరువు ఎక్కువైంది, రెండు లీటర్లు పారబొయ్యండి. ఏ చేత్తో మోస్తే ఎక్కువ చిమ్ముతుందో చూడండి, ఆ చేతికి ఒక రౌండ్ అదనం.

శనాదివారం_రౌతు

చాలా దొరికింది. మెషీన్‌ని లిస్టులోంచి తీసేస్తున్నాను. సోమవారం సెలవు. మంగళవారం స్టూలు, వెల్లకిలా కసరత్తు, బకెట్. బుధవారం తాడాట: నిమిషం ఆట, అర నిమిషం ఆగడం, పది రౌండ్లు. గురువారం బంతి, తుంటి సాగదీత. శుక్రవారం మెట్టు కసరత్తుతో పాటు 50 గుంజీళ్లు, మర్నాడు క్లాసుకి కాళ్లు వేడి మీద ఉంటాయని.

ఎముకల_లెక్క

శుక్రవారం తీసెయ్యండి. అలవాటు లేని గుంజీళ్ల నొప్పి అప్పుడే తెలియదు. 24 గంటల తర్వాత మొదలై రెండో మూడో రోజుకి ముదురుతుంది, అంటే సరిగ్గా శని, ఆదివారాలు. పట్టేసిన తొడలతో రైజింగ్ ట్రాట్‌లో నెమ్మదిగా దిగలేక దబ్బున కూలబడతారు. మెట్టు కసరత్తుని మంగళవారానికి తెచ్చుకోండి, గుంజీళ్లు ఆరోజే 15తో మొదలుపెట్టి వారానికి ఐదు పెంచండి.

అంకవన్నె

శుక్రవారం ఖాళీ దొరికిందిగా. జిమ్ము మెషీన్ మానేస్తే మిగిలే డబ్బుకి నెలకో అదనపు క్లాసు వస్తుందేమో అడిగి చూడండి, పొడవు తాడు కట్టి గుండ్రంగా తిప్పే క్లాసు. పగ్గాలూ రికాబులూ లేకుండా 20 నిమిషాలు చాలు.